కంచం ముందు నుంచి ఫోన్ తీసేస్తే సగం గొడవ వదిలినట్టే

మీ మూడేళ్ల పాపకి రోజుకి ఎంతసేపు ఫోన్ ఇవ్వొచ్చని రాసి అడిగారు. లెక్క కావాలంటే ఉంది. రెండేళ్లలోపు అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల దాకా గంట దాటొద్దు అని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు 2021లో చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ దాదాపు అదే. కానీ ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఆ గంట అన్నం దగ్గరే ఖర్చయిపోతోంది. పొద్దున ఇడ్లీకి కాసేపు, మధ్యాహ్నం పప్పన్నానికి ఇంకాసేపు. ఇక మిగిలేదేముంది?

మా అబ్బాయి, కోడలు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. సంక్రాంతికి రాజమండ్రి వచ్చారు. మనవడికి అప్పుడే మూడు నిండాయి. కోడలు నీళ్ల చెంబుకి ఫోన్ ఆనించి వాడికి ముద్దపప్పు, నెయ్యి కలిపి పెడుతోంది. మధ్యలో ఎవరో పిలిస్తే చెంచా నా చేతికిచ్చి లేచింది. నాకెందుకో అనుమానం వచ్చి ఖాళీ చెంచా వాడి నోటి దగ్గర పెట్టాను. నోరు తెరిచాడు, మూశాడు, నమిలాడు, మింగాడు కూడా! మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. కళ్లు మాత్రం ఫోన్లో గంతులేస్తున్న ఏనుగు బొమ్మ మీద నుంచి కదల్లేదు. మా ఆవిడ పడీ పడీ నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ఆకలేసిందో, కడుపు నిండిందో వాడికే తెలియకపోతే ఎలా?

మర్నాటి నుంచి కంచం దగ్గర ఫోన్ వద్దన్నాను. మొదటి పూట ఏడ్చాడు, గిన్నె తోసేశాడు. "చిక్కిపోతాడేమో మావయ్యగారూ" అని కోడలికి ఒకటే టెన్షన్. ఒక్క పూట తినకపోతే పిల్లాడికి ఏమీ కాదమ్మా అన్నాను. సాయంత్రానికి వాడే జంతికల డబ్బా దగ్గర తేలాడు. రాత్రి మాతో పాటు చాప మీద కూర్చోబెట్టి, పెరుగన్నం ముందు పెట్టి వదిలేశాం. సగం చాప పాలు, సగం చొక్కా పాలు. కానీ తిన్నంత తిని "చాలు" అన్నాడు. వాడి నోట ఆ మాట కోడలు అంతకుముందు విననేలేదట.

స్కూళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. పిల్లలకి ఫోన్ ఇవ్వకండి అని మీటింగు పెట్టి క్లాసు పీకేదీ వాళ్లే, ఎల్‌కేజీ రైమ్స్ యూట్యూబ్ లింకులు వాట్సాప్‌లో పంపి "చూపించండి" అనేదీ వాళ్లే. పైగా ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతట అదే మొదలవుతుంది. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ఆ ఆటోప్లే ఆపేయొచ్చు, ఇవాళే ఆపేయండి.

మిగతా సమయం గురించి నాకు అంత పట్టింపు లేదు. కార్టూన్ చూస్తే హాల్లో టీవీలో, అందరి ముందూ చూడనివ్వండి. వీడియో కాల్‌లో అమ్మమ్మతో మాట్లాడటాన్ని నేనైతే లెక్కలోనే వేయను. మీ వారు ఎడమ చేత్తో రీల్స్ తోస్తూ భోంచేస్తారని రాశారు కదా, ముందు ఆ ఫోన్ బీరువాలో పెట్టించండి. పాప సంగతి తర్వాత చూద్దాం.