కుళాయి ధారగా వస్తున్నా వాషింగ్ మెషీన్ నిండట్లేదంటే
పైపు తీస్తే కుళాయి ధారగానే వస్తోంది, మెషీన్‌లోకి మాత్రం సన్నగా పడుతోంది అంటే ఇది ప్రెషర్ సమస్య కాదు. మెషీన్‌లోకి నీళ్లు వెళ్లే చోట ఉండే జాలీ (ఫిల్టర్) మూసుకుపోయి ఉంటుంది. బోరు నీళ్ల ఇళ్లలో మామూలే.

1. కుళాయి కట్టేసి, ప్లగ్ తీసేయండి.
2. మెషీన్ వెనక పైపు విప్పండి. కింద బకెట్ పెట్టుకోండి.
3. చాలామంది ఇక్కడ పైపు కడిగి మళ్లీ బిగించేస్తారు. అసలు జాలీ మెషీన్‌కి పైపు బిగించే మూతి లోపల ఉంటుంది. టార్చ్ వేస్తే బొటనవేలి గోరంత ప్లాస్టిక్ ముక్క కనిపిస్తుంది. ప్లయర్‌తో మధ్యలో పట్టుకుని, తిప్పకుండా తిన్నగా లాగండి.
4. తెల్లగా గార కట్టి ఉంటే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.

జాలీ లేకుండా మాత్రం నడపొద్దు. మా ఇంట్లో అలా నడిపితే ఇసుక నీళ్లు ఆపే వాల్వ్‌లో ఇరుక్కుని, మెషీన్ ఆపినా నీళ్లు కారుతూనే ఉన్నాయి.