పాత గనిలోకి నాలుగడుగులు వేయొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల పిల్లలతో అడవిలో కొండ మీదుగా ట్రెక్కింగ్‌కు వెళ్తున్నాం. ఆ దారిలో ఎప్పుడో మూతపడిన గనులు ఉన్నాయట. పద్నాలుగేళ్ల మా అబ్బాయి లోపలికి కొంచెం దూరమైనా వెళ్లి చూస్తానంటున్నాడు. కొవ్వొత్తి పట్టుకుని వెళ్లి, అది ఆరిపోగానే వెనక్కి వచ్చేయొచ్చని మావారు అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: ట్రెక్కింగ్ మానుకోకండమ్మా. గనిలోకి మాత్రం ఒక్క అడుగు కూడా వద్దు. ఇరవై ఆరేళ్లు గనుల్లో సర్వేయర్‌గా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

ముందు కొవ్వొత్తి సంగతి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. మూతపడిన గనిలో గాలి ఆడించే ఫ్యాన్లు ఉండవు. కుళ్లుతున్న దుంగలు, గంధకం ఉన్న రాళ్లు ఆ ఆక్సిజన్‌ను మెల్లగా తినేస్తాయి. మిగిలిన చెడుగాలికి రంగూ వాసనా ఉండవు. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోతే గానీ కొవ్వొత్తి ఆరదు. అప్పటికే మనిషికి ఆలోచన మందగిస్తుంది, అడుగులు తడబడతాయి. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసేంత ఉన్నా కొవ్వొత్తి వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే ఆ మంటే పేలుడుకు కారణమవుతుంది. పైగా నిన్న బాగున్న గాలి ఇవాళ బాగుంటుందని చెప్పలేం. వాన ముందు వాతావరణ పీడనం తగ్గితే లోపలి చెడుగాలి గని నోటిదాకా వచ్చేస్తుంది.

గాలి కంటే నాకు నేలంటేనే భయం. ఓసారి అనుమతితో, గ్యాస్ కొలిచే పరికరంతో ఒక పాత సొరంగంలోకి వెళ్లాం. చీలమండ లోతు నీళ్లు. ముందు నడుస్తున్న మేస్త్రీ గునపంతో నేల పొడిచి చూస్తూ వెళ్తున్నాడు. ఒకచోట గునపానికి నేల తగల్లేదు. తాడు వదిలి చూస్తే 18 మీటర్ల నిలువు బావి! పైకి మామూలు నీటి మడుగులాగే ఉంది. ఆ గునపం లేకపోతే అతను మాకు దక్కేవాడు కాదు.

కొండ మీద కూడా కాలిబాట వదలకండి. గరాటులా దిగిపోయిన గుంటలు కనిపిస్తే అవి గనిలోకి నిలువుగా తవ్విన పాత బావులు కావచ్చు. వాటి మీద పుచ్చిపోయిన చెక్కలు, వాటిపై ఆకులు ఉంటాయి. అంచు మట్టి కూడా జారుతుంది. గనిలోంచి పారే నారింజరంగు నీళ్లు తాగొద్దు. మరిగించినా అందులోని లోహాలు పోవు.

మీ అబ్బాయి ఆసక్తిని మాత్రం చంపొద్దు. ఆ గుంటలు తరచూ ఒకే వరుసలో ఉంటాయి. భూమిలో ఖనిజం ఎటు సాగితే మనుషులు అటే తవ్వుకుంటూ పోయారు. ఒక నోట్‌బుక్ ఇచ్చి, కాలిబాట మీదినుంచే గుంటలను గుర్తులు పెట్టి గీయమనండి. ఖనిజం ఏ దిక్కుగా పోయిందో వాడే మీకు చూపిస్తాడు.