సైకిల్ మీద ఆఫీసుకా? బ్యాగ్ కొనేముందు కుట్టు చూడండి

"అన్నా, వచ్చే వారం నుంచి ఆఫీసుకు సైకిల్ మీదే. గట్టి బ్యాగ్ ఏదైనా చెప్పు." విదేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా గొడవలు తీరాక వచ్చే సందేహాల్లో ఇదొకటి. ఒక కంపెనీ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఒకే కంపెనీ మోడళ్లలో కూడా దేని గుడ్డ దానిదే, దేని కుట్టు దానిదే. నిరుడు బాగున్న మోడల్ ఈ ఏడాదీ అలాగే ఉంటుందన్న నమ్మకమూ లేదు. అందుకని పేర్లు చెప్పను, చూసే పద్ధతి చెబుతాను.

వచ్చేటప్పుడు తెచ్చుకున్న లాప్‌టాప్ బ్యాగ్‌తోనే లాగించేద్దామని చాలామంది అనుకుంటారు. బస్సుకి, నడకకి అది చాలు. సైకిల్ మీద మాత్రం ముందుకు వంగి తొక్కుతుంటే బరువు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి ఊగుతూనే ఉంటుంది. వీపు వైపు నుంచి చెమట, పైనుంచి ఎండావానా. ఇవి చాలవన్నట్టు, తడి రోడ్డు మీద వెనక చక్రం సన్నటి ఇసుక కలిసిన బురదనీళ్లు ఎగజిమ్మి బ్యాగ్ అడుగుభాగానికి కొడుతుంది. ఆ ఇసుక జిప్పుల్లోకి, కుట్ల సందుల్లోకి చేరి ఆకురాయిలా అరగదీస్తుంది. కాబట్టి బ్యాగ్ కన్నా ముందు సైకిల్‌కి వెనక మడ్‌గార్డ్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే వేయించండి. బ్యాగ్ ఆయుష్షు పెంచడానికి ఇంతకన్నా చవకైన పని లేదు.

ఇక గుడ్డ సంగతి. లేబుల్ మీద 420డి, 600డి, 1000డి అని ఉంటుంది. 'డి' అంటే డెనియర్, 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. 1000డి అంటే ఆ పొడవు దారం కిలో తూగుతుందన్నమాట. దారం ఎంత మందమో ఈ అంకె చెబుతుంది గానీ, అది ఏ దారమో, నేత ఎంత చిక్కనో, వెనక పూత ఏమిటో చెప్పదు. ఒకే డెనియర్‌లో పాలియెస్టర్ కంటే నైలాన్ రాపిడికి బాగా ఆగుతుంది. ఎండకు మాత్రం పాలియెస్టర్‌దే పైచేయి. రోజూ ఆఫీసుకు తిరిగే పనికి 420 నుంచి 500 మధ్య ఉన్న మంచి నైలాన్ సరిపోతుంది. 1000డి చేతికి దిట్టంగా తగులుతుంది, నిజమే. కానీ ఖాళీ బ్యాగే బరువెక్కిపోతుంది, ఆ బరువు రోజూ మోసేది మీరే.

నా లెక్కలో బ్యాగ్ గుడ్డ చిరిగి పోవడం అరుదు. కుట్టు ఊడి, జిప్పు చెడి పోతుంది. షాపులో బ్యాగ్ చేతికి రాగానే అందరూ జేబులు లెక్కపెడతారు. మీరు ముందు దాన్ని తెరిచి, లోపలి గుడ్డ బయటికి వచ్చేలా తిరగేయండి. సేల్స్‌మన్ వింతగా చూస్తే చూడనివ్వండి. భుజం పట్టీ పైన బ్యాగ్‌తో కలిసేచోట వేలితో తడమండి. పట్టీ చివర రెండు పొరల మధ్యకి బాగా లోపలికి వెళ్లి, ఒకదానిమీద ఒకటిగా రెండు మూడు వరసల కుట్టు పడి ఉండాలి. జీన్స్ ప్యాంటుకి బెల్టు లూపుల దగ్గర చిక్కగా, పొట్టిగా ఒక కుట్టు ఉంటుంది చూశారా, బార్‌టాక్ అంటారు, అది ఇక్కడ కనబడాలి. తర్వాత ఒక చేత్తో పట్టీ, ఇంకో చేత్తో బ్యాగ్ ఒళ్లు పట్టుకుని గట్టిగా లాగండి. సూది రంధ్రాలు సాగి వెలుతురు కనబడితే దాన్ని ఉన్నచోటే పెట్టేయండి. లోపల గుడ్డ అంచులకు సన్నటి పట్టీ మడిచి కుట్టి ఉండాలి. కత్తిరించిన అంచు అలాగే వదిలేసి దారాలు వేలాడుతుంటే, కొన్నాళ్లకు కుట్టు తెగకపోయినా గుడ్డే జారి బయటికొచ్చేస్తుంది. పట్టీ కింది చివర కూడా నేరుగా కుట్టులో దూర్చెయ్యకుండా, మధ్యలో ఒక త్రికోణపు గుడ్డముక్క వేసి కుట్టారంటే ఆ పని తెలిసినవాళ్లు చేసిన బ్యాగే.

జిప్పుకి 5, 8, 10 అని నంబర్లుంటాయి. మూసినప్పుడు పళ్ల వెడల్పు దాదాపు అన్ని మిల్లీమీటర్లు. పెద్ద అరకు 8 గానీ 10 గానీ ఉంటే మంచిది, చిన్న జేబులకు 5 చాలు. రన్నర్ మీద జపాన్ కంపెనీ వైకేకే పేరు కనబడితే సంతోషమే, కానీ మంచి జిప్పుని కూడా బ్యాగ్ కుక్కి కుక్కి చంపేయొచ్చు. రన్నర్ ముందుకు వెళ్తుంటే వెనక పళ్లు విడిపోతున్నాయంటే సాధారణంగా అరిగింది రన్నరే. పటకారుతో కాస్త నొక్కితే కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత రన్నర్ ఒక్కటి మార్పిస్తే చాలు. దానికోసం బ్యాగ్ పారేయకండి. ఈ గోలంతా వద్దనుకుంటే మూతిని మూడు చుట్లు చుట్టి బకిల్ పెట్టే రోల్‌టాప్ బ్యాగ్ తీసుకోండి. వానకు అదే మేలు. ఆఫీసు కార్డు కోసం గేటు దగ్గర విప్పుకుంటూ నిలబడాల్సి వస్తుంది, అంతే. దానికే పక్కన ఇంకో జిప్పు పెట్టి అమ్ముతుంటారు. నీళ్లు ముందు దూరేది అక్కడే!

వాన దగ్గర లేబుల్ మాటలు చాలామందిని ముంచుతాయి. 'వాటర్ రెసిస్టెంట్' అంటే తుంపర్లకు కాసేపు ఆగుతుందని. గుడ్డకు ఎంత మంచి పూత ఉన్నా సూది వేసిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. కుట్ల మీద టేపు అతికించినవి, లేదా కుట్టు లేకుండా వేడితో అతికించినవి అయితేనే జోరువానలో నమ్మొచ్చు. ఐపీఎక్స్4 అని రాసి ఉంటే అన్ని వైపుల నుంచీ పడే తుంపర్లకు పరీక్షించారని, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చూశారని. ఆఫీసుకు వెళ్లే దారిలో చెరువు ఈదరు కదా, 7 కోసం అదనంగా పెట్టక్కర్లేదు. వానకు పైన తొడిగే కవర్ పనికొస్తుంది, అయితే వీపు వైపు దాని కింద ఉండదు. మీ జాకెట్ మీద పడి కారే నీళ్లు అటునుంచే లోపలికి చేరతాయి. ఏ బ్యాగ్ అయినా సరే, లాప్‌టాప్‌ని విడిగా ఒక నీరు చొరని సంచిలో పెట్టి అప్పుడు బ్యాగ్‌లో పెట్టుకోండి. వచ్చిన కొత్తలో పాస్‌పోర్టు, ఒరిజినల్ కాగితాలు ఎప్పుడూ వెంటే తిప్పుకునే అలవాటుంటుంది. మీరున్న దేశం రూల్స్ ప్రకారం వెంట ఉండాల్సింది గుర్తింపు కార్డు ఒక్కటే అయితే, మిగతావి ఇంట్లో పెట్టేయండి. తడిసిన పాస్‌పోర్టు టెన్షన్ ఎవరికీ వద్దు.

తడిసిన బ్యాగ్‌ని రాత్రికి జిప్పులన్నీ తెరిచి ఆరబెట్టండి. గుడ్డ లోపలి వైపు సాధారణంగా వేసే పాలీయురేథేన్ పూత తేమకు మెల్లమెల్లగా విరిగిపోతుంది. ముందు జిగటగా తయారై, తర్వాత పొట్టు రాలుతుంది. వాషింగ్ మెషిన్‌లో వేస్తే ఆ పూత ఇంకా త్వరగా పోతుంది. చల్లనీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్, అంతకుమించి ఏమీ వద్దు.

సైజు 18 నుంచి 25 లీటర్లు చాలు. పెద్దది కొంటే అది నిండేదాకా మనకు నిద్రపట్టదు. హెల్మెట్ పెట్టుకుని, బ్యాగ్ తగిలించుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి తల పైకెత్తి చూడండి. హెల్మెట్ వెనక బ్యాగ్‌కి తగిలితే అది మీకు పనికిరాదు. భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడండి, వెనకొచ్చే బండి కనబడాలి. ఛాతీ పట్టీ తప్పనిసరి, అది లేకపోతే మలుపులో బ్యాగ్ ఒక పక్కకి జారుతుంది. లాప్‌టాప్ పెట్టే అర కింది అంచు బ్యాగ్ అడుగుని తాకకుండా వేలెడంత పైన ఆగాలి, లేదంటే బ్యాగ్ నేల మీద దించిన ప్రతిసారీ దెబ్బ లాప్‌టాప్‌దే.

ఉత్తరాదిన ఉన్న దేశాల్లో చలికాలం ఆఫీసు వదిలేసరికే చీకటి పడిపోతుంది. బ్యాగ్ మీద మెరిసే పట్టీలు మంచివే గానీ, ఏదైనా లైటు వాటిమీద పడితేనే మెరుస్తాయి. వెనక లైటు బ్యాగ్ లూప్‌కి తగిలిస్తే అది వాలిపోయి నేలనో ఆకాశాన్నో చూస్తుంటుంది. అసలు లైటు సైకిల్‌కే బిగించండి, బ్యాగ్ మీద రెండోది పెట్టుకుంటే మీ ఇష్టం.

రోజూ ఆరేడు కిలోలు దాటుతుంటే ఏ బ్యాగూ మీ వీపుని కాపాడదు. సైకిల్‌కి క్యారియర్ బిగించి పక్కసంచులు తగిలించండి. బరువు కిందికి దిగుతుంది, చొక్కా తడవదు.

ధరని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఏదీ కొనలేరు. రోజూ వాడే వస్తువు, ఇక్కడి జీతంతోనే పోల్చుకోండి. 'లైఫ్‌టైమ్ వారంటీ'లో లైఫ్ అంటే చాలాసార్లు బ్యాగ్‌ది, మీది కాదు. కుట్టులోపం, జిప్పులోపం చూస్తారు, వాడకంతో అరిగితే చూడరు. బిల్లు ఫోటో తీసి దాచుకోండి. కొన్నాక ట్యాగులు కత్తిరించకుండా, రోజూ పట్టుకెళ్లే సామానంతా నింపి ఇంట్లోనే అరగంట వీపున వేసుకుని తిరగండి. భుజం దగ్గర కోసుకుపోతుంటే గడువు దాటకముందే వాపసు ఇచ్చేసి ఇంకోటి చూసుకోవచ్చు.