తాళాలు చేతికి తీసుకునే ముందు

చి. సౌ. శ్రీలతకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ తెల్లాపూర్ ఫ్లాట్ల వాళ్లందరూ కలిసి బిల్డరు మీద తెలంగాణ రెరాకు, అంటే ఇళ్లు కొన్నవారి ఫిర్యాదులు వినే స్థిరాస్తి నియంత్రణ సంస్థకు, ఫిర్యాదు చేయబోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పార్కు అని చూపించి అమ్మిన జాగాలో ఇంకో టవరుకు పునాదులు తవ్వుతుంటే అందరినీ కూడగట్టింది నువ్వేనని విని పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

బ్రోచరు, రసీదులు, సేల్ అగ్రిమెంటు, సేల్స్ కుర్రవాడు పంపిన వాట్సాప్ సందేశాలు అన్నీ భద్రం చేయి. బ్రోచరు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ‘చిత్రాలు ఊహాత్మకం’ అని ఉందని దిగులు పడకు. తప్పుడు ప్రకటననో, నమూనా ఫ్లాటునో నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షను చెబుతోంది. వినియోగదారుల కమిషన్ దారి కూడా తెరిచే ఉందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కానీ, అక్కడ రెండేళ్లలోపే ఫిర్యాదు చేయాలన్న గడువు ఉంటుంది. ఏది మేలో లాయరునడిగి తేల్చుకో.

నా భయమంతా సంతకాల గురించే. మంజూరైన ప్లానులో ఇలాంటి మార్పు చేయాలంటే మూడింట రెండు వంతుల కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి ఉండాలని 14వ సెక్షను అంటుంది. అందుచేత మీ బిల్డరుకు ఇప్పుడు మీ డబ్బు కన్నా మీ చేవ్రాలే ముఖ్యం.

రెరా లేని రోజుల్లో మా అపార్ట్‌మెంటులో ఏం జరిగిందో నీకు తెలియదు. బిల్డరు నెలల తరబడి తిప్పించుకుని, సరిగ్గా గృహప్రవేశాల ముహూర్తాలకు ముందు తాళాలిస్తానని కబురు పెట్టాడు. చుట్టాలు దిగిపోయారు, పంతులుగారికి చెప్పేశారు, పాలు పొంగించడానికి గిన్నె కూడా కొన్నారు. బల్ల మీద మెయింటెనెన్సు ఫారం, కరెంటు మీటరు ఫారం, వాటి మధ్యన ‘అన్ని వసతులూ సక్రమంగా అందినవి, ఇకపై ఎట్టి క్లెయిములూ లేవు’ అన్న ఒక కాగితం. పైఅంతస్తు మేష్టారు, అసోసియేషన్ పెద్దగా ఉన్నవారు, ముందుగా సంతకం చేశారు. ఆయన చేశారు కదా అని వెనకాల వరుసకట్టారు. తర్వాత లిఫ్టు కోసం, నీళ్ల కోసం కేసు వేస్తే అవతలి లాయరు మొట్టమొదట తీసి చూపించింది ఆ కాగితాన్నే. పాపం, ఆ మేష్టారు ఆ తర్వాత మీటింగులకు రావడమే మానేశారు.

ఇప్పుడు న్యాయస్థానాలు కొంత మారాయి. బెంగళూరులోని డీఎల్‌ఎఫ్ ఫ్లాట్ల కేసులో, రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చి, కట్టిన సొమ్ము మీద ఏడాదికి 6 శాతం ఇప్పించింది. కానీ బిల్డరుతో విడిగా రాజీపడిన పదకొండు మందికి అది దక్కలేదు. మీలోనూ ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, కారు పార్కింగు ఉచితమనో, రేటు తగ్గిస్తామనో అంటారు. ముందుగా ఎవరు మెత్తబడతారో కనిపెట్టి వాళ్లను ఒంటరిగా వదలకండి.

బ్యాంకు లోను కాగితాల మీద చదవకుండానే సంతకాలు గిలికానని నువ్వు నవ్వుతూ చెప్పినప్పుడే నిన్ను కోప్పడవలసింది. తాళాలు తీసుకోక తప్పకపోతే ‘నా అభ్యంతరాలు ఉంచుకునే తీసుకుంటున్నాను’ అని నీ చేతిరాతతో రాసి, ఫొటో తీసుకుని, అదే రోజు ఈమెయిలు పంపు. ఆ రోజు నాకు కబురు చేయి తల్లీ, కళ్లజోడు పెట్టుకుని వచ్చి ప్రతి కాగితమూ నేను చదువుతాను. ముహూర్తం సంగతి పంతులుగారితో మీ పెద్దమ్మ మాట్లాడుతుంది; శ్రావణం కాకపోతే మాఘంలో పెట్టుకోవచ్చు.

ఇట్లు,
పెదనాన్న