400 జీఎస్ఎం హుడీ మూడు ఉతుకులకే ఉండలు కట్టి, చేతుల దగ్గర వదులైందంటే

కారణం చాలావరకు పాలిస్టర్ కలిపిన పొట్టి పీచు నూలు, చేతి పట్టీలో లైక్రా (సాగి మళ్లీ బిగుసుకునే పోగు) లేకపోవడం. జీఎస్ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములుందన్న లెక్క. అది చెప్పేది బట్ట బరువే, నాణ్యత కాదు.

ఈసారి కొనేముందు:

1. లేబుల్‌లో కాటన్ 80 శాతం పైన ఉందో లేదో చూడండి.

2. అందరూ వదిలేసేది ఇదే: హుడీని తిరగేయండి. లోపలి నూగును బొటనవేలితో పదిసార్లు గట్టిగా రుద్దండి. పీచు ఊడి వేలికి అంటుకుంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి. చేతి పట్టీని బాగా సాగదీసి వదలండి. టక్కున మళ్లీ బిగుసుకోవాలి. అలలు అలలుగా నిలబడిపోతే మీ పాతదాని గతే.

3. టోపీ రెండు పొరలుండాలి.

లోగోకి అదనంగా డబ్బు పొయ్యకండి.

ఉన్నదాన్ని తిరగేసి చన్నీళ్లలో ఉతికి, పరిచి ఆరబెట్టండి. హ్యాంగర్‌కి తగిలిస్తే తడి బరువుకు ఇంకా సాగుతుంది.