గ్రీకు 'నెరో', మన 'నీరు' ఒకటేనా?

గ్రీకులో నీళ్లను 'నెరో' అంటారు కదా, ఆ మాట మన 'నీరు' నుంచే వెళ్లిందా అని అడిగారు. లేదండీ. ఆ రెండింటికీ చుట్టరికం లేదు. ఒకేలా వినపడటం కేవలం యాదృచ్ఛికం.

నేను విశాఖ నుంచి మర్చంట్ నేవీలోకి వెళ్లి, గ్రీకు యజమానుల ఓడల్లో ఇంజన్ రూమ్‌లో పనిచేశాను. అక్కడ 'నెరో' రోజంతా చెవిన పడే మాట. కొత్తగా చేరిన మన తెలుగు కుర్రాళ్లు దాదాపు అందరూ మీ ప్రశ్నే అడిగేవారు. మా చీఫ్ ఇంజనీర్ గ్రీకు ఆయన, బడిలో ప్రాచీన గ్రీకు చదువుకున్నారు. ఆయన ఓపిగ్గా చెప్పేవారు. ఆ ఆసక్తితో తర్వాత నేనూ చదివాను.

ప్రాచీన గ్రీకులో నీటికి అసలు మాట 'హ్యుడోర్'. అప్పుడే తోడి తెచ్చిన నీళ్లయితే 'నెఅరోన్ హ్యుడోర్', అంటే తాజా నీళ్లు. 'నెఅరోస్' అంటే లేత, తాజా. కొత్త అనే అర్థమున్న 'నెఓస్' నుంచి వచ్చింది. జనం నోట్లో నలిగి అది 'నేరోన్' అయింది. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఫ్రూనిఖోస్ అనే పండితుడు 'నేరోన్ హ్యుడోర్' అని ఎంతమాత్రం అనకూడదని రాశాడు. పాత ఏథెన్స్ భాషే శుద్ధమైనదని ఆయన పట్టుదల. ఆయన అలా మందలించబట్టే మనకు సాక్ష్యం మిగిలింది. ఆ రోజుల్లో జనం ఈ మాట వాడుతున్నారు, అప్పటికింకా అది 'హ్యుడోర్' పక్కన విశేషణంగానే ఉంది. తర్వాత 'హ్యుడోర్' జారిపోయి విశేషణమే నీళ్లకు పేరైంది. మన టీ కొట్టు దగ్గర 'రెండు స్ట్రాంగ్, ఒక లైట్' అంటాం చూడండి, టీ అనే మాట ఎవరూ అనరు. అలాగన్నమాట.

మన నుంచి అరువు వెళ్లి ఉంటే మధ్యలో ఈ మెట్లన్నీ కనపడవు. 'నీరు' ద్రావిడ భాషల సొంత మాట. తమిళంలో 'నీర్', కన్నడంలో 'నీరు'. గ్రీకు మాటకు బంధువు కావాలంటే సంస్కృతం వైపు చూడాలి. 'నెఓస్', 'నవ' ఒకే మూలం నుంచి వచ్చినవి. కాబట్టి నవవధువు, నవయుగం అన్నప్పుడు మనం పలికే 'నవ'కే 'నెరో' దూరపు చుట్టం. పాత 'హ్యుడోర్'కు చుట్టం 'ఉదకం'. నాకు ఈ విషయం ఎంతో నచ్చుతుంది.

ఇప్పటి గ్రీకులో 'నెరో'లో తాజాదనం ఆనవాలు కూడా లేదు. ఇంజన్‌ను చల్లబరిచే ఉప్పునీళ్లను 'థలస్సినో నెరో' అంటారు, అంటే సముద్రపు నీళ్లు. ఉప్పు లేని నీళ్లకు 'గ్లికో నెరో', అంటే తియ్యని నీళ్లు. అదే 'నెఅరోస్' పూర్తి రూపంలో ఇంకా బతికే ఉంది, ఇప్పుడు దానికి అర్థం యువకుడు. 'హ్యుడోర్' కూడా చచ్చిపోలేదు. ఉచ్చారణ మారి ప్లంబర్‌కు చెప్పే 'ఇద్రవ్లికోస్'లో ఉంది, ఏథెన్స్ నీటి సరఫరా సంస్థ పేరులోనూ ఉంది.

వైన్‌కూ ఇలాగే జరిగింది. పాత మాట 'ఓయ్‌నోస్', వాడుక మాట 'క్రాసి'. ప్రాచీన గ్రీకులు వైన్‌లో నీళ్లు కలుపుకుని తాగేవారు. 'క్రాసిస్' అంటే కలపడం, దాని నుంచే 'క్రాసి' వచ్చింది. ఈ రోజు నీళ్లు కలపకపోయినా పేరు అదే.

మన దేశం నుంచి నిజంగా గ్రీకుకు వెళ్లిన మాట తెలుసుకోవాలని ఉంటే 'పిపేరి'ని చూడండి. అది పిప్పలి. మన ఇళ్లలో దగ్గు మందుకు వాడే పిప్పళ్లే. గ్రీకులో అది మిరియాలకు పేరైంది. అమెరికా ఖండం నుంచి క్యాప్సికం, మిరపకాయలు వచ్చాక వాటికీ అందులోంచే 'పిపెరియా' అని పేరు పెట్టుకున్నారు.