మాత్రల కీమోలో మంట, విరేచనాలు వస్తే ఓర్చుకోవద్దు

పెద్దపేగు ఆపరేషన్ తర్వాత మీ నాన్నగారికి కెపెసిటబిన్ అనే క్యాన్సర్ కీమో మాత్రలు రాశారనీ, అరికాళ్లు మండుతున్నా కోర్సు చెడిపోతుందని ఎవరికీ చెప్పనివ్వడం లేదనీ రాశారు. మా అమ్మా ఇలాగే దాచింది.

అమ్మకి 500 మిల్లీగ్రాముల మాత్రలు పొద్దున మూడు, రాత్రి మూడు. 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి, అది ఒక సైకిల్. రెండో సైకిల్‌లో విరేచనాలు పట్టుకుంటే "మందు పనిచేస్తోందిలే" అనుకుందట. నాలుగో రోజు కళ్లు తిరిగి పడిపోయింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. అసలు మొదట్లోనే మాత్ర ఆపి తమకు ఫోన్ చేయాల్సిందని, తగ్గాక అవసరమైతే డోసు తగ్గించి మళ్లీ మొదలుపెడతామని డాక్టర్ చెప్పారు. రోజుకి మామూలుకంటే నాలుగుసార్లు ఎక్కువ విరేచనానికి వెళ్లినా, అందుకోసం రాత్రి నిద్రలేవాల్సి వచ్చినా, నోటిపూతతో తినలేకపోయినా, జ్వరం 100.4 తగిలినా వెంటనే ఫోన్ చేయమన్నారు. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే.

అప్పుడే ఇంకోటి బయటపడింది. నీరసంగా ఉందని అమ్మ మెడికల్ షాపులో బలం మాత్రలు తెచ్చుకుంది. వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంది, అది ఈ మందు దుష్ప్రభావాలను పెంచుతుంది. మీ నాన్నగారు రక్తం పలచబడే వార్ఫరిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ లాంటివి వాడుతుంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి.

ఇక అరికాళ్ల మంట. ఈ మందుతో చాలామందికి వస్తుంది. అమ్మ వేడినీళ్లతో అంట్లు తోమడం, ఎండలో డాబా మీద ఉత్తకాళ్లతో తిరగడం మాన్పించాం. యూరియా ఉన్న క్రీమ్ రాసేవాళ్లం. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందిపై చేసిన పరిశోధనలో నొప్పులకు రాసే డైక్లోఫెనాక్ జెల్ రోజూ రెండు పూటలా రాసుకున్నవాళ్లలో ఈ బాధ ముదిరింది 3.8 శాతం మందికే, మందు లేని ఉత్త జెల్ రాసుకున్నవాళ్లలో 15 శాతం మందికి. ఇది ముందునుంచీ రాస్తే వచ్చిన ఫలితం. ఇప్పుడు మీ నాన్నగారికి పనికొస్తుందో లేదో డాక్టర్‌నే అడగండి.

మాత్రలు భోజనం చేసిన అరగంటలోపు మంచినీళ్లతో వేయాలి, నూరకూడదు. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెట్టింపు వేయొద్దు. నేను గ్లౌజులు వేసుకునే తీసిచ్చేదాన్ని. ఇంట్లో గర్భిణులుంటే వాటిని ముట్టుకోనివ్వకండి.

ఈరోజే ఆయన కాళ్లు మీరే చూడండి. ఎర్రగా వాచి అడుగు వేస్తే నొప్పి పుడుతున్నా, చర్మం ఊడుతున్నా, బొబ్బలున్నా, రాత్రి మాత్ర వేసేముందే ఆస్పత్రికి ఫోన్ చేయండి.